‘ముందు మనవాళ్లు’ అన్నది క్రీస్తు మాట కాదు

ఈమధ్య మన సంఘాల్లో ఒక మాట బాగా నలుగుతోంది. పాస్టర్ల కూడికల్లో, యువజన సభల్లో, ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే పెద్దల మధ్య అదే మాట. ‘‘రోజులు బాగాలేవు. అందరినీ ప్రేమించండి, శత్రువునైనా ప్రేమించండి అని ప్రసంగాలు చెప్పుకుంటూ పోతే మన ఉనికే మిగలదు. ముందు మనవాళ్లను మనం కాపాడుకోవాలి. మిగతావాళ్ల సంగతి పరిస్థితులు చక్కబడ్డాక చూసుకోవచ్చు.’’ చెప్పేవాళ్లు దీన్ని లోకజ్ఞానం అంటున్నారు. వినేవాళ్లు తలూపుతున్నారు. కొన్నిచోట్ల ఇదే ప్రసంగ వేదిక ఎక్కి దేవుని వాక్యంలా చెలామణి అవుతోంది.

ఈ వాదం తప్పు. క్రైస్తవ విశ్వాసానికి ఇది విరుద్ధం. సంఘ చరిత్ర దీన్ని ఒప్పుకోదు. ఎవరిని కాపాడతామంటున్నారో చివరికి వాళ్లకే ఇది చేటు చేస్తుంది.

ముందుగా, ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. ఇది ఊరికే పుట్టిన భయం కాదు. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో ఇళ్లూ చర్చీలూ తగలబడితే వేలాదిమంది అడవులు పట్టి పారిపోయారు. 2023 మే నెలలో మణిపూర్ మండింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి, శిబిరాల్లో పిల్లలు పుట్టారు, ముసలివాళ్లు పోయారు. మన దగ్గరా ప్రార్థన మందిరం కట్టుకుందామంటే పని మధ్యలోనే ఆగిపోయిన ఊళ్లున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులం హోదా ఇవ్వలేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవుడికి నేటికీ మూసే ఉంది. చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు పెట్టుకుని బతికే కుటుంబాలు మన పక్క బెంచీలోనే కూర్చుంటాయి. ఇన్ని దెబ్బలు తిన్నవాళ్లు ముడుచుకుపోవడంలో వింత లేదు. ఆ ముడుచుకుపోవడానికి క్రీస్తు పేరు పెట్టడం మాత్రం కుదరదు.

ప్రేమ మంచి రోజులకే పనికొచ్చే మాట అనుకోవడం దగ్గర మొదటి తప్పు జరుగుతోంది. యేసు ఆ ఆజ్ఞ ఇచ్చిన రోజులు ఎలాంటివి? దేశం రోమా సైన్యం చెప్పుచేతల్లో ఉంది. పరాయి ప్రభుత్వానికి పన్నులు వసూలు చేసే సొంత జాతివాణ్ని జనం ద్రోహిగా చూసేవారు. తిరగబడాలన్న కోపం ఊరూరా రగులుతోంది. యూదులకూ సమరయులకూ మధ్య రాకపోకలు లేవు, మంచినీళ్లు పుచ్చుకోవడం కూడా లేదు. అలాంటి కాలంలో ఆయన ఏరుకున్న పన్నెండుమందిలో సుంకపు మెట్టు దగ్గర్నుంచి లేచి వచ్చిన మత్తయి ఉన్నాడు, తిరుగుబాటు పక్షంవాడిగా, జెలోతే అని పేరుపడిన సీమోనూ ఉన్నాడు. బయట ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు ఆయన పక్కన ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు. మనకున్న చీలికలు ఆయన ఎరగనివి కావు.

లూకా సువార్త తొమ్మిదో అధ్యాయం చివరి భాగాన్నీ, పదో అధ్యాయాన్నీ ఒక్క ఊపున చదవండి. యెరూషలేముకు వెళ్తున్న యేసును ఒక సమరయ గ్రామం ఊళ్లోకి రానివ్వలేదు. యాకోబు, యోహాను మండిపడ్డారు. ఆకాశం నుంచి అగ్ని దింపి ఊరిని కాల్చేద్దామా అని అడిగారు. ఆయన వాళ్లను గద్దించి ఇంకో ఊరికి దారి తీశాడు. ఆ తర్వాతి అధ్యాయంలోనే, నా పొరుగువాడెవడు అని ఒక ధర్మశాస్త్ర పండితుడు అడిగితే, ఆయన చెప్పిన కథలో మంచివాడు ఎవరు? సమరయుడు. తనను గడప తొక్కనివ్వని జనంలోంచి ఒకణ్ని తీసుకొచ్చి, మీరు ఇతనిలా చేయండి అన్నాడు. అవమానం ఇంకా పచ్చిగా ఉండగానే అన్నాడు. పరిస్థితులు చక్కబడ్డాక చూద్దాం అనలేదు.

ఆ కథలో సమరయుడు ఏం చేశాడో ఒక్కొక్కటిగా చూడాలి. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడు. కట్లు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించాడు, అంటే తాను నడిచాడన్నమాట. పూటకూళ్ల ఇంటికి చేర్చి ఆ రాత్రి తానే దగ్గరుండి చూసుకున్నాడు. తెల్లారి రెండు దేనారాలు తీసి ఇచ్చాడు. అప్పట్లో అది కూలివాడికి రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానని మాటిచ్చాడు. పడి ఉన్నవాడి మతం అడగలేదు. వాడు బాగయ్యాక తన గుడికి రావాలని షరతు పెట్టలేదు. గాయపడ్డవాడి సొంత యాజకుడు, సొంత లేవీయుడు అప్పటికే పక్కనుంచి వెళ్లిపోయారు. ‘మనవాళ్లు’ అన్న లెక్క ఆ రోజు ఆ దారిలో ఎవరినీ కాపాడలేదు.

అగ్ని దింపుదామన్న యోహాను సంగతి అక్కడితో అయిపోలేదు. అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో ఆయన, పేతురు కలిసి సమరయకు వెళ్లి అక్కడి విశ్వాసుల మీద చేతులుంచి ప్రార్థించారు. ఏ జనం మీద నిప్పు కురవాలని కోరాడో వాళ్ల తలల మీదే ఆయన చెయ్యి పెట్టాడు. క్రీస్తు వెంట నడవడం అంటే ఆ దూరం నడవడమే. యోహాను నడిచిన ఆ దారిలో మనల్ని వెనక్కి మళ్లమంటోంది ఈ కొత్త లోకజ్ఞానం.

వెంటనే ఒక వచనం ముందుకు తెస్తారు. విశ్వాస గృహానికి చేరినవారికి విశేషంగా మేలు చేయమని పౌలు గలతీయులకు రాశాడు కదా అంటారు. రాశాడు. అదే వాక్యంలో అంతకు ముందు, అందరికీ మేలు చేయమన్నాడు. మొదటి సగాన్ని తీసేసి రెండో సగాన్ని పట్టుకుంటే అది పౌలు బోధ అనిపించుకోదు. ఇంటివాళ్లను చూసుకోవడం అందరినీ చూసుకోవడంలో భాగం. దాన్ని తప్పించుకోవడానికి సాకు కాదు.

సరే, మనల్ని హింసిస్తున్నప్పుడు కూడానా అని అడుగుతారు. ఈ ప్రశ్నకు మూడో శతాబ్దపు క్రైస్తవులు ఎప్పుడో జవాబిచ్చారు. 250లో డెసియస్ చక్రవర్తి అందరూ రోమా దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల చేత పత్రం రాయించుకోవాలని ఉత్తర్వు చేశాడు. కాదన్నవాళ్లలో కొందరు జైళ్లలో చచ్చిపోయారు. ఆ గాయం మానకముందే మహమ్మారి వచ్చింది. రోగం తగిలిన సొంతవాళ్లను ఇంట్లోంచి బయటికి నెట్టి జనం పారిపోయారు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరంలో బిషప్ సిప్రియన్ తన సంఘాన్ని కూర్చోబెట్టి, మనవాళ్లకు మాత్రమే సేవ చేస్తే అందులో గొప్పేముంది, మనల్ని హింసించినవాళ్లకూ చేయాలన్నాడు. సంఘం చేసింది. డబ్బున్నవాళ్లు డబ్బిచ్చారు, లేనివాళ్లు ఒళ్లు వంచారు. 258లో రోమా అధికారులు ఆ సిప్రియన్ తల తీయించారు. ప్రేమ ఆయన ప్రాణాన్ని కాపాడలేదు. క్రైస్తవం ప్రేమకు భద్రతను జీతంగా ఇస్తానని ఎన్నడూ చెప్పలేదు. అయినా మరో వందేళ్లకు, 362 ప్రాంతంలో, క్రైస్తవాన్ని తొక్కేయాలని చూసిన జూలియన్ చక్రవర్తి తన పూజారికి రాసిన ఉత్తరంలో, ఈ గలిలయులు (అంటే క్రైస్తవులు) తమ పేదలతోపాటు మన పేదల్నీ పోషిస్తున్నారని వాపోయాడు. ఉత్తర్వులతో, కత్తితో ఆపలేనిది ఏమిటో ఆయనకు తెలిసింది. మనకే మరుపొచ్చింది.

రెండో వాదం ఇంకోలా వస్తుంది. ‘‘సత్యం చెప్పడమే అసలైన ప్రేమ. మెత్తగా మాట్లాడటం రాజీపడటమే.’’ ఈ పేరుతో తెలుగు యూట్యూబ్‌లో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. ఎదుటివాళ్ల దేవుళ్లను హేళన చేసే వీడియో ఒకటి మనవైపు నుంచి. బైబిలును హేళన చేసే వీడియో ఒకటి అటువైపు నుంచి. డిబేట్లు, సవాళ్లు, కింద వేలకొద్దీ బూతు కామెంట్లు. ఎవరు ఎవరి నోరు మూయించారని థంబ్‌నెయిళ్లు. ఆ వీడియో తీసినవాడు నగరంలో హాయిగా ఉంటాడు. దాని వేడి తగిలేది ఊరి చివర పదిహేను ఇళ్ల మధ్య రేకుల షెడ్డులో ప్రార్థన పెట్టుకునే పాస్టరుకు, పొద్దున్నే ఊళ్లోకి పాలు తేవడానికి వెళ్లే పాస్టరమ్మకు. సత్యం చెప్పాలి, దాచకూడదు. కానీ పొరుగువాడు పూజించేదాన్ని వెక్కిరించడం సత్యం ఎలా అవుతుంది? ఏథెన్సు వీధుల నిండా విగ్రహాలు చూసి పౌలు మనసులో ఎంత కలత చెందినా, నోరు తెరిచినప్పుడు మీరు చాలా భక్తిగలవారని మొదలుపెట్టాడు. వాళ్ల కవుల మాటలే ఎత్తి చూపి తన మాట చెప్పాడు. సత్యానికి ధైర్యం కావాలంటే అది చాలు. కండలు పెంచి చూపించాల్సిన పని లేదు.

మూడో వాదం బయటివాళ్లదీ, మనలో కొందరిదీ కూడా. క్రైస్తవుల సేవ అంతా మతమార్పిడికి ఎర అని బయటివాళ్లంటారు. ఫలం రాని సేవ దండగ, ఆ డబ్బు సువార్త సభలకు పెడితే నాలుగు ఆత్మలు రక్షణ పొందుతాయని మనలో కొందరంటారు. ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు, ప్రేమను బేరంగా చూస్తున్నారు. ఈ ఇద్దరికీ ఒంగోలులో జవాబుంది. 1876లో మొదలైన మహా కరువులో జనం ఆకలికి పిట్టల్లా రాలిపోతుంటే, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుగా తీసుకున్నారు. ఆకలితో వచ్చిన ప్రతి కులంవాడికీ పలుగూ పారా ఇచ్చి, చేసిన పనికి కూలి ఇచ్చారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా అడిగినా ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, వాళ్ల మనసును ఆకలి వేలం వేయకూడదని ఆపేశారు. కరువు సాయం ఆగిపోయి, ఇక మా దగ్గర ఇవ్వడానికేమీ లేదని చెప్పి పంపాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నా దృష్టిలో ఆ సంఖ్య కంటే, అంతకు ముందు బాప్తిస్మం ఇవ్వకుండా నిలిచిన నెలలే గొప్పవి. తిరిగి ఏమీ అడగని ప్రేమ ఎలా ఉంటుందో ఆ నెలలు చూపించాయి.

నాలుగో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. దళితవాడల్లోంచి వస్తుంది, కాబట్టి తల వంచి వినాలి. ‘‘మీరు ప్రేమ, క్షమ అన్నప్పుడల్లా దెబ్బ తిన్నవాణ్నే నోరు మూసుకోమంటారు. కొట్టినవాడికి ఎప్పుడూ చెప్పరు.’’ ఈ ఆరోపణ నిజం. మన సంఘాల్లో చాలామంది పెద్దలు అలా చెప్పారు, ఇప్పటికీ చెప్తున్నారు. కేసు ఉపసంహరించుకోవడమే క్షమ అని, రాజీ కాగితం మీద వేలిముద్ర వేయడమే సమాధానమని బోధించారు. అది ప్రేమ కాదు, బలవంతుడికి చేసే చాకిరీ.

1985 జులై 17న కారంచేడులో ఏం జరిగింది? మాదిగపల్లె తాగే నీళ్ల చెరువులో పశువుల కుడితి కలుపుతుంటే అడిగినందుకు అంతకు ముందురోజు గొడవ మొదలైంది. మర్నాడు ఊరు మీద పడి ఆరుగురిని చంపింది, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేసింది. చనిపోయినవాళ్లలో బైబిలు పేర్లున్నవాళ్లున్నారు. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడి శిబిరం నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు ముందుండి నడిపిన దళిత మహాసభ ఉద్యమం లేచింది. ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో రావడానికి ఆ ఉద్యమం ఒక ముఖ్య కారణం. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2008లో తేలింది. ఇరవై మూడేళ్లు సాక్ష్యం మీద నిలబడ్డవాళ్లు ద్వేషంతో నిలబడ్డారని ఎవరైనా అనగలరా? చచ్చిపోయిన తమ్ముడి మీద ప్రేమే వాళ్లను నిలబెట్టింది. గాయపడ్డవాడికి గేటు తీసిన చర్చి ఆవరణ, కోర్టు మెట్లెక్కిన సాక్షి, ఇద్దరూ పొరుగువాణ్ని ప్రేమించారు.

క్షమ, న్యాయం ఒకదానికొకటి అడ్డు కాదని ఒడిశాలో ఒక స్త్రీ చేసి చూపించింది. గ్రాహం స్టెయిన్స్ 1965 నుంచి బారిపదలో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన ఆస్ట్రేలియా మిషనరీ. 1999 జనవరి 22 రాత్రి మనోహర్‌పూర్ అనే ఊళ్లో వాహనంలో నిద్రపోతున్న ఆయననూ, పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ ఒక మూక సజీవంగా తగలబెట్టింది. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పారు. మూటాముల్లె సర్దుకుని మర్నాడే వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె కూతురితో కలిసి ఆ కుష్ఠురోగుల దగ్గరే ఇంకా అయిదేళ్లు ఉన్నారు. రోగుల పుండ్లు కడిగే పని ఆగలేదు. అదే సమయంలో చట్టం తన పని తాను చేసింది; ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమ ఏ సాక్షి నోరూ మూయించలేదు. తన గుండెలో ద్వేషానికి చోటివ్వనన్నది ఆమె నిర్ణయం. హత్యను హత్య అనడం న్యాయస్థానం పని. ఆ రెండూ కలిపేసి దెబ్బ తిన్నవాణ్ని బెదిరించే బోధకుడికి గ్లాడిస్ స్టెయిన్స్ పేరెత్తే హక్కు లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ‘ముందు మనవాళ్లు’ అంటున్నాం కదా, ఆ మనవాళ్లు ఎవరు? బయటి భయానికి తలుపులు వేసుకున్నాక లోపల ఏం మిగులుతుందో ఏ పల్లెకైనా వెళ్లి చూడండి. మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఇంకో చర్చి. ఒకరిది లూథరన్ అయితే ఇంకొకరిది బాప్టిస్టు. రెంటి మధ్య నడక రెండు నిమిషాలు. క్రిస్మస్‌కు ఇద్దరూ ఒకే పాటలు పాడతారు, వేరువేరు మైకుల్లో. కొన్ని ఊళ్లలో సమాధుల తోటకు నడుమ గోడ ఉంటుంది; ఇటువైపు శవం అటువైపుకు పోకూడదు. పునరుత్థాన దినాన కలిసి లేస్తామని నమ్మేవాళ్లు కలిసి పడుకోవడానికి ఒప్పుకోరు. అగ్రకులాల నుంచి వచ్చిన విశ్వాసులు ప్రభువు బల్ల దగ్గర కలుస్తారు, పెళ్లిళ్ల దగ్గర కలవరు. పత్రికల్లో పెళ్లి ప్రకటన చూడండి: పేరు ముందు క్రైస్తవుడు, ఆ వెంటనే కులం. ‘మనం ఒక్కటవ్వాలి’ అన్న నినాదం ఈ గోడలను ఒక్క అంగుళం కదపలేదు. బయట శత్రువును చూపించి లోపలి అన్యాయాన్ని కప్పిపుచ్చడానికే అది పనికొచ్చింది. సమరయుణ్ని ప్రేమించడం నేర్చుకోని సంఘం పక్కవీధి విశ్వాసిని కూడా ప్రేమించలేదు. ప్రేమను ఎక్కడో ఒకచోట ఆపడం అలవాటైతే, ఆ గీత ఏటేటా ఇంటి గుమ్మం వైపే జరుగుతుంది.

దీన్ని చాలాముందే చూసినవాడు దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. తమిళనాడు నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, మాలమాదిగ పల్లెల్లో తిరిగిన మనిషి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో సభలో, తెల్లవాళ్ల మిషనరీ ప్రపంచం ఎదుట నిలబడి, మీరు త్యాగాలు చేశారు, సాయాలు చేశారు, అయితే మేం అడిగేది స్నేహం అని సూటిగా చెప్పారు. చేయి చాపి ఇచ్చేవాడికీ పక్కన కూర్చుని తినేవాడికీ మధ్య తేడా ఆయనకు తెలుసు. చీలిపోయిన సంఘాలు ఒక్కటి కావాలని జీవితాంతం పాటుపడి 1945లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. అప్పటికి దేశం రెండు ముక్కలై ఆరు వారాలు. పంజాబులో రైళ్ల నిండా శవాలు. మనుషులు మతాల పేరుతో ఒకరినొకరు నరుక్కుంటున్న ఆ నెలలోనే, తరాల తరబడి వేరుగా ఉన్న సంఘాలు బిషప్పులనూ బల్లనూ ఒకటి చేసుకున్నాయి. ఇది సమయం కాదని వాళ్లు అనుకుని ఉంటే ఆ రోజు వచ్చేదే కాదు.

కాబట్టి పరిస్థితులు చక్కబడేదాకా ఆగుదామనేవారికి నేను చెప్పేది ఇదే. ఆగితే చక్కబడవు. పక్కింటి హిందువు ఇంట్లో చావు జరిగితే మీరు పాడె మోయడానికి వెళ్లండి. ముస్లిం కుర్రవాడిని అన్యాయంగా స్టేషన్‌లో కూర్చోబెడితే మీకు తెలిసిన నిజం చెప్పడానికి వెళ్లండి. ఊరి పీర్ల పండగకో జాతరకో గొడవ ముదిరి శాంతి సంఘం వేస్తే సంఘపెద్దలు అందులో పేరు రాయించండి. యువజన సంఘం వాట్సాప్ గ్రూపులో వేరే మతాన్ని కించపరిచే వీడియో వస్తే తొలగించండి, పెట్టినవాడితో కూర్చుని మాట్లాడండి. అత్యాచారం కేసులో బాధితుల పక్కన కోర్టుకు వెళ్లే రోజున పాస్టరు ఆ ఆటో ఎక్కాలి. ఈ ఏడాది క్రిస్మస్‌కు రెండు పల్లెల చర్చీలు ఒకే బల్ల పెట్టుకోవాలి. సమాధుల తోట మధ్య గోడ ఉంటే తీర్మానం రాసి దాన్ని పడగొట్టాలి.

వీటికి ఖర్చు ఉంది. సొంతవాళ్లే తిడతారు, బయటివాళ్లు అనుమానిస్తారు, కొన్నిచోట్ల దెబ్బలూ పడతాయి. సిలువ వేసుకుని తిరిగేవాళ్లకు ఇది కొత్త వార్త కాకూడదు. మనల్ని మనం కాపాడుకోవడమే ముఖ్యమైతే యేసు గెత్సేమనే తోటలోంచి తప్పించుకుపోయి ఉండేవాడు, మనకు సువార్త అనేదే ఉండేది కాదు. ఆయన తప్పించుకోలేదు. తనను పట్టుకోవడానికి వచ్చినవాడి చెవి తెగితే ముట్టి బాగు చేశాడు. ఆ మనిషి వెంట నడుస్తామని బాప్తిస్మం తీసుకున్నవాళ్లం మనం. ఎవరిని ప్రేమించాలో, ఎప్పుడు ప్రేమించాలో తేల్చే అధికారం ఆ రోజే వదులుకున్నాం. ఇప్పుడు దాన్ని తిరిగి అడగడానికి మనకు హక్కు లేదు.